బిడ్డ తలాపున చాకు

గోదావరిఖని,
జూలై 1972.

చిరంజీవి సౌభాగ్యవతి అనసూర్యకు నీ బావ ఎల్లేశం దీవెనలు. మందమర్రిలో నువ్వు, పాప, అత్త చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి కలం అటే పోయింది. కానీ ఈసారి ఆ మాట రాయలేను. ఈ ఉత్తరం చివరిదాకా చదివి, మూడో నెల వచ్చాక పాపను తీసుకుని ఇక్కడికి రావాలో, అక్కడే ఉండిపోవాలో నువ్వే తేల్చుకో. నేను రమ్మనను, వద్దనను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. క్వార్టరు వెనక నువ్వు పెట్టిన బీర తీగ పందిరెక్కింది. కాయలు పక్కింటి సారవ్వ కోసి, కూర వండి నాకింత పెడుతోంది. పాపకు మా అవ్వ పేరు పెడతానన్నావు, సంతోషం. "అక్షరాలు గిట్ల కిందికి జారుతున్నయేంది బావా, తాగి రాస్తున్నవా?" అని ఎగతాళి చేశావు. తాగలేదు అనసూర్యా. కాగితం నిలవడం లేదు. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టు.

ఇక చాకు సంగతి. బిడ్డకు గాలి సోకకుండా తలాపున ఇనుము పెట్టాలని, అది తండ్రి కొన్నదైతేనే పని చేస్తుందని అత్త అన్నదట. కొడవలి పెడితే తగులుతుందని భయం, మడిచే చాకు పంపమని రాశావు. సరేనని మొన్న బజారుకు పోయి మొగిలి కొట్లో అడిగాను. అతను రెండు తీసి గల్లా మీద పెట్టాడు. ఒకటి కట్టె పిడిది, గోరుతో పట్టి లాగితేగాని రాదు. ఇంకోటి ఇత్తడి పిడిది, బటన్ నొక్కితే చాలు.

"ఎవలికే?" అన్నాడు.

"బిడ్డ తలాపున పెట్టెతందుకు."

"అయితే కట్టె పిడిదే తీస్కపో. బటన్ చాకు పసిపిల్ల దగ్గర పెడుతరా ఎవలన్న? ఒత్తుకుంటే చాలు, తెరుసుకుంటది."

నేను ఎడమ చెయ్యి తువ్వాల కింద దాచుకుని, కుడి బొటనవేలితో బటన్ నొక్కి చూశాను. టక్కుమని తెరుచుకుంది. తొడకు ఆనించి మడిచాను, మళ్లీ నొక్కాను, మళ్లీ తెరుచుకుంది. నాకు ఎంత ఆశ పుట్టిందో నీకెట్లా చెప్పను! మొగిలి నవ్వాడు. "ఆడుకునేది బిడ్డనా, నువ్వా?" అన్నాడు. రెండూ కొనే రోజులు కావు ఇవి. పాప పేరు చెప్పి బటన్ చాకే కొనుక్కుని వచ్చాను. పురుడు అయ్యాక అది మళ్లీ నా దగ్గరికే వస్తుంది కదా అనుకున్నాను.

ఇంటికి వచ్చాక మనసు ఊరుకోలేదు. దండెం మీద నువ్వు వదిలిపోయిన పచ్చ చీర ఉంది కదా, దాన్ని పాపంత మూటగా చుట్టి మంచం మీద పడుకోబెట్టాను. తలాపున బొంత కింద చాకు పెట్టి, పసిపిల్ల తల ఆడించినట్టు మూటను అటూ ఇటూ కదిపాను. మొదట ఏమీ కాలేదు. ఫరవాలేదని లేవబోతుంటే టక్కుమని చప్పుడైంది. తీసి చూస్తే బొంత గుడ్డను చీల్చుకుని మొన పైకి వచ్చి ఉంది, నీ చీర జానెడు తెగింది. నేను అక్కడే కింద కూలబడి ఏడ్చాను. సారవ్వ పరుగెత్తుకొచ్చి, "ఏమైంది కొడుకా, మందమర్రి కెల్లి ఏమన్న కబురొచ్చిందా?" అని అడిగింది. ఏమని చెప్పాలి? నా సుఖం కోసం నా బిడ్డ తల కింద కత్తి పెట్టబోయానని చెప్పాలా?

అనసూర్యా, నాకు ఎడమ చెయ్యి మణికట్టు నుంచి లేదు. ఎండలు ముదిరిన నెలలో, రెండో షిఫ్టులో, బాయి లోపల బొగ్గు టబ్బులకు లంకె వేస్తుంటే వెనక టబ్బు కదిలింది. అందులో ఎవరి తప్పూ లేదు. డబుల్ డ్యూటీలు పడుతున్నాయి, రాలేనని నీకు రాసిన రోజుల్లో నేను దవాఖాన మంచం మీద ఉన్నాను. నీకు నెలలు నిండుతున్నాయని దాచాను. కాన్పు అయ్యాక చెప్దామనుకున్నాను. పాప పుట్టిందని కబురు వచ్చాక ఇంకా భయం వేసింది.

ఇప్పుడు లుంగీ అంచు పంట పట్టుకుని కట్టుకుంటున్నాను. ఉల్లిగడ్డ కోసుకుందామని పాత చాకును పళ్లతో తెరవబోయి పెదవి కోసుకున్నాను. అందుకే ఆ బటన్ చాకు మీద అంత మోజు పడ్డాను. బాయి పైన ఏదన్నా పని ఇస్తారో, ఇంటికి పొమ్మంటారో ఇంకా తెలియదు. సారవ్వ పెనిమిటి నర్సింగమన్న "ఫికర్ చెయ్యకు తమ్మీ" అంటాడు. నాకు మిగిలిన పని అదొక్కటే. పగలంతా గోడకు ఆనుకుని కూర్చుని అదే చేస్తున్నాను.

పాపను తొట్లెలో వేసే నాడు నేను రాను. అత్తకు ఏదో ఒకటి చెప్పు. నలుగురిలో పాపను తెచ్చి నా చేతుల్లో పెడతారు. తల కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి ఉండాలి కదా. నేను పడేస్తానేమోనని చుట్టూ అందరూ చేతులు చాపి నిలబడితే, ఆ చూపులు నేను భరించలేను. నువ్వు చూసే చూపు అసలే భరించలేను.

ఈ ఉత్తరమూ చాకూ నర్సింగమన్నతో పంపుతున్నాను. నా చెయ్యి సంగతి చెప్పనని అతను ఒట్టు వేశాడు, కాబట్టి అతన్ని ఏమీ అడగకు.

నీ చీర తెగిన మర్నాడే మొగిలి దగ్గరికి పోయి బటన్ చాకు తిరిగిచ్చి, కట్టె పిడి చాకు తెచ్చాను. దాన్నే కాగితం మీద బరువు పెట్టి ఇది రాస్తున్నాను. ఇంటి దగ్గర దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి గోరు విరిగేదాకా లాగాను. పళ్లతో లాగాను. తెరుచుకోలేదు. అందుకే పాప తలాపున భయం లేకుండా పెట్టు. లోపల తుప్పేమన్నా ఉందేమో నేను చూడలేదు, ఒకసారి నువ్వే తెరిచి చూడు.

ఇట్లు,
పాప నాయిన,
నీ బావ ఎల్లేశం