చిల్లు పెట్టిన రొట్టె బిళ్ల

సిన్సినాటి పట్టణం, కాలువగట్టున రొట్టెల దుకాణం నడుపుకుంటున్న ఒటీలీ బ్రింక్‌మన్ అనే నేను, వయసు యాభై ఏడు, అవివాహితను, మోకాళ్లు తప్ప మతితో సహా అన్నీ సక్రమంగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాయించిన వీలునామా.

1. దుకాణం, పొయ్యి, పిండి తొట్లు నా తమ్ముడి కొడుకు కాస్పర్‌కు చెందవలెను. వాడికి పనొచ్చు, నోటికే అదుపు లేదు. రై ధాన్యపు పిండిలో మొక్కజొన్న పిండి కలిపిన రోజున ఈ హక్కు రద్దగును.

2. మాంసం కొట్టు హోల్ట్‌కాంప్‌కు చిల్లిగవ్వ చెందరాదు. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల యుద్ధంలో జనం నాణేలన్నీ దాచేసుకుంటే, మేం కొట్లవాళ్లం సొంత పేర్లతో రాగి బిళ్లలు కొట్టించి చిల్లరగా ఇచ్చాం. నా బిళ్లకు ఒక రొట్టె. సర్కారు వాటిని నిషేధించగానే అతగాడు సిపాయిల పెళ్లాలను, "ఇక చెల్లవమ్మా, పోండి పోండి" అని తరిమేశాడు. నేను వచ్చిన ప్రతి బిళ్లకూ రొట్టె ఇచ్చాను.

3. చెల్లెలు వాల్బుర్గాకు నా మంచం, ఉన్ని శాలువా, ఇంతకాలం ఇవ్వని క్షమ.

పీపాలు చేసే అంటాన్ రీలె నన్ను చేసుకోవలసినవాడు. పటాలంలో చేరిన రోజు ఒక బిళ్లకు చిల్లు పెట్టి, తాడు కట్టి ఆయన మెడలో వేశాను. "తిరిగొచ్చి దీని రొట్టె తీసుకుంటా. వేడిది తీసిపెట్టు, ఒటీలీ" అన్నాడు. చనిపోయినవాళ్ల జాబితాలోనూ ఆయన పేరు రాలేదు, తిరిగొచ్చినవాళ్లలోనూ లేదు. యుద్ధం ముగిసిన మరుసటేడు, నేను పిండిమరకు వెళ్లిన పూట, ఆ చిల్లు బిళ్ల మా గల్లాపెట్టెలో పడింది. వాల్బుర్గా ఎప్పటిలాగే రొట్టె ఇచ్చి పంపేసింది. ఎవరు తెచ్చారే అని అడిగితే, "జనం ఎగబడ్డారక్కా, చేతులే చూశా. మొహాలు చూసే తీరికెక్కడిది?" అంది.

పదేళ్లు దానితో సరిగ్గా మాట్లాడలేదు. తప్పు దానిది కాదు, బిళ్ల తెచ్చినవాణ్ని ఆరా తీయవద్దని నేర్పింది నేనే. తెచ్చింది ఆయనో, ఆయన మెడలోంచి తీసినవాడో తెలియదు. తలుపు చప్పుడైతే ఈ రోజుకీ తలెత్తి చూస్తాను. ఆయన కావాలి నాకు, ఇప్పటికీ.

4. ఆ బిళ్లను నాతోపాటే పూడ్చవలెను.

5. ప్రతి శనివారం ఒక రై రొట్టెను గుడ్డలో చుట్టి, కొట్టు మూసేదాకా పొయ్యి పక్కన వేడిగా ఉంచవలెను. అంటాన్ అని పేరు చెప్పి ఎవరైనా ముసలాయన వస్తే, కాస్పర్, ఆయన్ని బిళ్ల అడగకు. అది ఎప్పుడో నాకు ముట్టింది.

1889 నవంబరు 14.

(సంతకం) ఒటీలీ బ్రింక్‌మన్

సాక్షులు: గెర్హార్డ్ టోలె, అంటాన్‌తో కలిసి పీపాలు చేసినవాడు
మాగ్డలీనా హోఫ్, పక్కింటామె