గంటకి మూడో పేట

అమ్మా, టాంజానియాలో ముగ్గురం క్షేమం, తాతయ్య నడుము మినహా.

అమ్మమ్మా తాతయ్యల మిషనరీ సేవ ఇంకా నాలుగు వారాలే. తీసుకురమ్మని నువ్వు నన్ను పంపేవు గాని, అమ్మమ్మ పెట్టె సర్దనివ్వదు. మన కొబ్బరి పీచుతాడు పేనడం ఇక్కడి ఆడవాళ్ళకి నేర్పింది; చర్చి గంటకి వాళ్ళ తాడే కట్టాలట. ఆదివారం తాతయ్య లాగితే అది తెగింది. ఆయన సంఘమంతటి ఎదుట చతికిలబడ్డారు.

"మీరుండగానే మోగాలని రెండు పేటలతో కానిచ్చేమండీ" అన్నారు ఆ ఆడవాళ్ళు.

"నేను వెళ్ళేక మోగాలమ్మా. మూడో పేట వెయ్యండి" అంది అమ్మమ్మ.

బీటెక్ పట్టభద్రుణ్ణి, నేనూ పీచు దువ్వుతున్నాను. రాజోలులో వానలు తగ్గేయా? ఆవు ఈనిందా? తాతయ్య వాళ్ళకి మేడ మీద వద్దు, కింది గది సర్దు. తాతయ్య మంచం మీంచే అందరికీ దీవెనలు పంపుతున్నారు. తాడు నిలిచేకే విమానం ఎక్కుతాం. ఇది అమ్మమ్మ మాట; ఇప్పుడు నాది కూడా.

నీ సుధీర్