పెద్దచ్చరాలతో అరిచినానంట

మస్కట్

అక్కకు, బావకు ఓబులేసు దండం పెట్టి రాసేది. నేనీడ బాగుండా. మీరందరూ బాగుండారనుకొనే ఈ కాగితం మొదలుపెడతాండా. బావకు మోకాలి నొప్పి తగ్గిందా? పాప బడికి సరిగా పోతాందా? గొర్రెలకు రోగమొచ్చిందని పోయిన కాగితంలో రాసి, తర్వాత ఏమైందో రాయకుండా వదిలేస్తివి. అది ముందు రాయి. వాన సంగతి కూడా రాయి. ముదిగుబ్బలో పడింది, మనూర్లో పడలే అనే మాటైనా సరే, రాయి.

నా గురించి దిగులు పెట్టుకోవద్దు. పని అదే, గోడౌన్లో పెట్టెలు దించేది, పేర్చేది. మన ఎండ పొడి ఎండ, నీడకు పోతే విడుస్తాది. ఈడిది సముద్రం పక్కన ఎండ. నీడలో కూర్చున్నా ఒళ్ళంతా జిడ్డే. తిండికేం కొదవలే. రొట్టెలు అంగట్లో దొరుకుతాయి, పప్పు మేమే చేసుకుంటాం. గదిలో తెలుగోడు నేనొక్కడే. మిగతావాళ్ళు బీహారోళ్ళు, బంగ్లాదేశోళ్ళు. మంచోళ్ళే. "తిన్నావా?" అని హిందీలో అడుగుతారు. "తిన్నా" అంటా. ఆడికి ఆ పొద్దు నా మాటలు అయిపోతాయి.

నువ్వు అడిగినావు కదా, "కంప్యూటర్లో తెలుగోళ్ళతో మాట్లాడతాండానని గొప్పగా రాస్తివి, ఇప్పుడేంటికి ఆ మాటే ఎత్తవు?" అని. ఆ కథ చెప్తా విను. బావకు కూడా చదివి వినిపించు. నవ్వుకుంటే నవ్వుకోనీ.

మా గోడౌను వెనక వీధిలో ఒక నెట్ సెంటరు ఉండాది. దాన్ని నడిపేది బాబన్న అని కేరళాయన. నాకు మెయిలు తెరిచి ఇచ్చింది, తెలుగోళ్ళ గుంపులో చేర్పించింది ఆయనే. గుంపంటే, యాడెక్కడో దేశాల్లో ఉండే తెలుగోళ్ళంతా ఒక తావ చేరినట్లు. ఒకరు రాస్తే అందరికీ పోతుంది. ఇంగ్లీషు అచ్చరాలతోనే తెలుగు రాసుకుంటారు. ఈడ సెలవు శుక్రవారమే. తెలుగు మాట చూసి ఎన్నాళ్ళయిందో, ఆ మొదటి శుక్రవారం కుర్చీలో నుంచి లేవబుద్ధి కాలే.

నేనూ రాసినా. కాగితం రాసినట్లే రాసినా. అందరికీ నమస్కారం, నేను బాగుండా, మీరంతా బాగుండారా, మాది ముదిగుబ్బ పక్క పల్లె, మీవి యా ఊర్లు, వానలు పడినాయా అని. అయితే అన్నీ పెద్దచ్చరాలు. నాకు వచ్చిందే అవి కదక్కా. చెనిక్కాయల మిల్లులో గోనెసంచుల మీద రేకు అచ్చులు పెట్టి నల్లరంగు పూసేవాడిని, నేను ఇంగ్లీషు నేర్చింది ఆ సంచుల మీదనే. చిన్నచ్చరాల్లో బి యాదో డి యాదో ఇప్పటికీ తికమకే. ఈడ మీటల మీద ఉండేవి పెద్దచ్చరాలు, కొడితే తెర మీద పడేవి చిన్నవి. ఇదేందన్నా అని బాబన్నను అడిగితే, పక్కన ఒక మీట చూపించి, "అది నొక్కు, అన్నీ పెద్దవే వస్తాయి" అన్నాడు. అప్పుట్నుంచి ఆ మీట నొక్కందే నేను మొదలుపెట్టలే.

జవాబులు వచ్చినాయి. "ఎవడ్రా బాబూ అలా అరుస్తున్నాడు?" అని ఒకడు. "ఉండాది ఏంటి, ఇదెక్కడి తెలుగు?" అని ఇంకొకడు. వాని మాట చివర రెండు చుక్కలు, ఒక వంకర గీత ఉన్నాయి. మిషను చెడిపోయిందేమో అనుకున్నా. బాబన్న నా తల పట్టి పక్కకు వంచినాడు. అట్ల చూస్తే నవ్వే మొగమంట! సరే, నవ్వినారు కదా, కలుపుకున్నట్లే అనుకున్నా. అరుస్తాండావు అంటే అర్థం కాలే. నోరు తెరిస్తే కదా అరిచేది?

గుంపు సంగతి ఏం చెప్పేది. సగం మంది పేర్లు పేర్లే కావు. ఒకడు పులి అని పెట్టుకున్నాడు, ఇంకొకడు ఉత్త అంకెలు. సినిమా హీరోల కోసం తిట్టుకుంటారు చూడు, మన సంతలో తాగినోళ్ళు కూడా అట్ల తిట్టుకోరు. కులాల మీదికి పోతారు. మల్లా మర్నాడు అదే మనిషి పూల బొమ్మ పెట్టి శుభోదయం అంటాడు. పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందని ఒకటి వస్తే, నేను భయపడి గుంపులో అందరికీ పంపితి. దానికీ తిట్టినారు.

అట్లాంటి తావ ఒకరోజు మూర్తి అని ఒకాయన రాసినాడు. ఆయన కూడా మస్కట్లోనే, ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయన భార్య గుంటూరు పక్కన పుట్టింట్లో ఉంది, నెలలు నిండలే, ఏదో ఇబ్బంది వచ్చింది, ఆ వైపు మంచి డాక్టరు ఎవరైనా తెలుసా అని అడిగినాడు. ఒకరిద్దరు జవాబు చెప్పినారు. సాయంత్రానికి మల్లా హీరోల కొట్లాట మొదలు. మూర్తిగారి మాట అడుగున పడిపోయింది.

నాకు వారమంతా అదే ధ్యాస. మన పక్కింట్లో కడుపుతో ఉన్న ఆడమనిషికి బాగలేకపోతే, పొద్దున లేస్తూనే గోడ పైనుంచి అడగమా? మర్సటి శుక్రవారం పోయి అడిగినా, "మూర్తిగారూ, అమ్మగారికి ఎట్లుండాది? అన్నం తింటాందా?" జవాబు రాలే. ఆ తర్వాత శుక్రవారం కూడా అడిగినా. అప్పటికీ రాలే. ఇంకో వారం నెట్ సెంటరుకు పోతే గుంపు నడిపే ఆయన దగ్గర నుంచి మెయిలు వచ్చి ఉంది. "మీరు అరవడం మానడం లేదు. అందరి ముందూ వ్యక్తిగత ప్రశ్నలు వేస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు కాబట్టి తొలగిస్తున్నాం" అని.

బాబన్నకు చూపించి, అర్థం చెప్పినా. ఆయన మొగం చిన్నబోయింది.

"నువ్వు గుంపులో రాసేది కూడా పెద్దచ్చరాలతోనా? పెద్దచ్చరాలతో రాస్తే అరిచినట్లే భాయ్. చేరినప్పుడు నియమాలు పంపింటారు కదా, చదవలేదా?"

"అవి ఇంగ్లీషులో ఉండె. ఇంగ్లీషు చదివేకి వస్తే నీ కాడికి ఏంటికి వస్తానన్నా?"

"ఆ మీట చూపించింది నేనే కదా" అని ఆయన గొణుక్కున్నాడు.

అక్కా, ఆ వారం నాకు శానా సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నేను మర్యాదగా పలకరిస్తాండా అనుకున్నా. వాళ్ళ లెక్కలో నేను అందరి ఇండ్లల్లోకి దూరి, చెవి కాడ నోరు పెట్టి అరిచినట్లు. మనూర్లో అడగకపోతే తప్పు, ఆడ అడిగితే తప్పు. తెలుగు ఒకటే అయినా ఊరు వేరు. దాని పద్ధతి దానికుంటుంది, అది నేర్చుకొని పోవల్ల. ఆ మాట ఇప్పుడు ఒప్పుకుంటా. అప్పుడు మాత్రం గదిలో గోడ పక్కకు తిరిగి పడుకున్నా.

ఇంక ఆ పక్కకే పోగూడదనుకున్నా. పని అయిపోయి ఒకరోజు ఆ వీధిలో పోతాంటే బాబన్నే కేకేసినాడు, నీకేదో మెయిలు ఉండొచ్చు, చూసుకొని పో అని. మూర్తిగారు రాసినాడు, నాకొక్కనికే. "బిడ్డ దక్కలేదండీ. ఆడపిల్ల. తల్లి బాగానే ఉంది. నాకు సెలవివ్వలేదు, వెళ్ళలేకపోయాను. గుంపులో ఈ మాట రాయడానికి చేతులు రాలేదు. ప్రతివారం అడిగింది మీరొక్కరే. జవాబు ఇవ్వనందుకు ఏమీ అనుకోకండి."

చదివి, ఎప్పటి మాదిరి ఆ మీట మీద వేలు పెట్టినా. మల్లా తీసేసినా. బిడ్డ పోయిన మనిషి ముందర అరవకూడదు కదా.

చిన్నచ్చరాలతోనే కొట్టినా. బాబన్న స్టూలు లాక్కొని పక్కన కూర్చొని, ఇది బి, ఇది డి అని చూపిస్తా ఉన్నాడు. ఏం రాస్తాండావని అడిగితే చెప్పినా. రాసింది ఎక్కువేం కాదు. "మూర్తిగారూ, చూసినా. అమ్మగారు అన్నం తింటాండారా? మీరు తిన్నారా? శుక్రవారం నేను ఊరికే ఉంటా. రమ్మంటే వస్తా."

రమ్మన్నాడు. కొండ అవతల ఆయన గది. కమలాపండ్లు కొనుక్కొని పోయినా. సన్నటి మనిషి, నా వయసే ఉంటాది.

"రండి ఓబులేసు గారూ. రావడం ఇబ్బంది కాలేదు కదండీ?"

"లేదు సార్. బస్సు ఉండాది."

"సార్ ఏంటండీ, మూర్తి అనండి."

అంతే. ఆయన టీ పెట్టి ఇచ్చినాడు. నేను పండ్లు ఒలిచినా. కంప్యూటరు టింగుమంటే లేచి చూసి, వచ్చి కూర్చుంటాడు. బిడ్డ మాట ఆయన ఎత్తలే, నేనూ అడగలే. పోయొస్తానని లేస్తే వాకిలి కాడ నా చెయ్యి పట్టుకొని, ఏదో చెప్పబోయి, వదిలేసినాడు.

ఏంటికి పోయినానా అనుకుంటా తిరిగొచ్చినా. మర్సటి శుక్రవారం మెయిలు తెరిస్తే, నేను వచ్చిన ఆ సాయంత్రమే రాసిన పెద్ద జాబు. బిడ్డకు ఏ పేరు అనుకున్నారో, జుట్టు ఒత్తుగా ఉందని అత్తగారు ఫోన్లో ఎట్ల చెప్పిందో, అంతా. "మీరు ఎదురుగా కూర్చుంటే చెప్పలేకపోయానండీ" అని చివర్లో రాసినాడు. నాకు అప్పుడు అర్థమైందక్కా. మొగం కనపడని తావ మనిషికి ధైర్యం వస్తుంది. తిట్టేవానికీ అదే ధైర్యం, ఏడ్చేవానికీ అదే ధైర్యం.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం కలిసినాం. ఇండియా అంగట్లో రాగిపిండి దొరికితే సంగటి చేసి పెట్టినా. గుంటూరాయన కదా, నములుతా కూర్చున్నాడు. "నమలగూడదప్పా, మింగల్ల" అంటే, మింగి, గొంతు పట్టుకొని, నవ్వినాడు. ఆయన నవ్వింది నేను చూడ్డం అదే మొదలు.

నన్ను మల్లా గుంపులో చేర్పించింది కూడా మూర్తిగారే. నడిపే ఆయనకు ఏం రాసినాడో నాకు చెప్పలే. ఇప్పుడు నేను కూడా వాళ్ళ మాదిరే రాస్తా. చిన్నచ్చరాలు, రెండు మాటలు, రెండు చుక్కలు, ఒక వంకర గీత. ఇప్పుడు నన్నెవరూ తిట్టరు. తిట్టేది కాదు, ఎవరూ ఏమీ అనరు. నేను రాసినానో లేదో కూడా ఎవరికీ తెల్దు. మొన్న ఒకాయన తల్లిని ఆసుపత్రిలో చేర్చినామని రాసింటే, గుంపులో అడగకుండా ఆయనొక్కనికే రాసినా, ఎట్లుండాదని. ఇంకా జవాబు రాలే.

మూర్తిగారు ఉద్యోగం వదిలేసి భార్య కాడికి పోయినాడు, పోయిన వారం. విమానాశ్రయం దాకా పోయి సాగనంపి వచ్చినా. మంచి పని చేసినాడు. పోవల్సిందే. "ఉత్తరం రాస్తానండీ" అన్నాడు. రాస్తాడు.

దిగులు పడొద్దు, నేను బాగుండా. కొత్తచెరువు రసూలు సెలవు అయిపోయి వస్తాండాడంట. ఆయన చేతికి చెనిక్కాయల పొడి కొంచెం, పాప ఫొటో ఒకటి ఇచ్చి పంపు. నెట్ సెంటరు కాడికి పోయి ఎవరితోనో కొట్టించి పంపొద్దు. నీ చేత్తో రాయి, వంకర పోయినా సరే. బావకు, నాయనకు, మామకు, పెద్దోళ్ళందరికీ నా దండాలు. పాపకు ముద్దులు. నన్ను సల్లగా ఉండమని మనసులో అనుకోండి, అది చాలు.

ఈ పొద్దు శుక్రవారం. గదిలో అందరూ పడుకొనుండారు. పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, బస్సు ఆగే కాడికి పోయి నిలబడినా. బస్సు వచ్చినాక గుర్తొచ్చింది, ఎక్కేకి పని లేదని. తిరిగొచ్చి ఈ కాగితం పట్టుకున్నా.

మీ తమ్ముడు
ఓబులేసు