గుంటూరులో దిగవద్దు

ముప్పాళ్ళ,
14 సెప్టెంబరు 1944.

ఐజాకు నాన్నగారికి,

ప్రభువు నామంలో మీ కృపామణి వందనాలు. ఇక్కడ నేను, అత్తయ్య, అబ్బాయి, రెండు మేకలు అందరం క్షేమం. మీరున్న చోటు పేరు రాయకూడదట కనుక, ఆ పేరు లేని చోట మీరూ క్షేమంగా ఉండాలని రోజూ ప్రార్థన చేస్తున్నాం. ఈ ఉత్తరాన్ని మీకంటే ముందు విప్పి చదివే అధికారి గారికి కూడా నా వందనాలు. అయ్యా, ఇందులో యుద్ధ రహస్యాలేమీ లేవు. ఉన్న రహస్యం ఒక్కటే, అది మా ఇంటిది. చదివి మళ్ళీ అంటించి పంపండి, మధ్యలో సిరా పూయకండి.

అత్తయ్య పన్ను సంగతి అడిగారు. ఊడింది. ఊడే ముందు వారం రోజులు ఇంటిల్లిపాదినీ ఏడిపించింది. ఇప్పుడు ఆ సందులోంచి మాట ఈల వేసుకుంటూ వస్తోంది, తిట్లు మాత్రం తగ్గలేదు. బడిలో రెండో తరగతి కూడా నాకే అప్పగించారా అని అడిగారు. అప్పగించారు. రెండు తరగతులనూ ఒకే పందిట్లో కూర్చోబెట్టి, ఒకదానికి ఎక్కాలు, రెండోదానికి మౌనం నేర్పుతున్నాను. మౌనం ఎవరికీ రావడం లేదు. మీరు పంపిన ఉన్ని మేజోళ్ళు ఎవరికి సరిపోయాయని అడిగారు. మన పల్నాటి ఎండలో వాటిని కాళ్ళకు తొడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అత్తయ్య వాటి నిండా మిరప విత్తనాలు పోసి దూలానికి కట్టింది. మీ పేరు చెప్పుకుని విత్తనాలు వెచ్చగా ఉన్నాయి.

ఇక మీ చివరి మాట. "వచ్చే నెల సెలవు మీద వస్తున్నాను. గుంటూరులో దిగి, ఎవరికీ చెప్పకుండా కాలేజీకి వెళ్ళి, ఐజాకు క్లాసులో కూర్చుని ఉండగా కిటికీలోంచి చూస్తాను" అని రాశారు. ఆ వాక్యం చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. దయచేసి గుంటూరులో దిగవద్దు. ఆ కిటికీలోంచి ఎంతసేపు చూసినా మనవాడు కనిపించడు.

ఐజాకు కాలేజీలో లేడు. మొదటి నుంచీ లేడు. "అబ్బాయి బాగా చదువుకుంటున్నాడు" అని జులైలో, ఆగస్టులో రాశాను. చదువుకుంటూనే ఉన్నాడు కనుక అది అబద్ధం కాదు. ఎక్కడ అన్నది రాయలేదు, అంతే. అలా అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను గానీ, రాత్రి ప్రార్థనలో 'అబద్ధ సాక్ష్యం పలకకూడదు' అన్న ఆజ్ఞను దాటేసి తర్వాతి దానికి వెళ్ళిపోతున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

జులై మూడో తేదీ కాలేజీలో చేరడానికి ఆఖరి రోజు. పొద్దున్నే ట్రంకు పెట్టెతో నేనూ అబ్బాయీ నరసరావుపేట బస్సెక్కాం, అక్కడ గుంటూరు రైలు పట్టుకోవాలని. పెట్రోలు దొరక్క మన బస్సు ఇప్పుడు బొగ్గు మీద నడుస్తోంది. వెనక పెద్ద పీపా ఒకటి కట్టి, అందులో బొగ్గు మండించి, ఆ పొగను గొట్టాల్లోంచి ఇంజనుకు పంపుతారు. డ్రైవరు, మెకానిక్కు, యజమాని అన్నీ నరసరావుపేట నాగూర్ వలి గారే. ముందు సీటులో మునసబు గారు, వెనక ఆ పీపాకు ఆనుకుని మన వాడవాళ్ళం. దిగేసరికి మన బట్టలు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

నరసరావుపేట ఇంకా రెండు మైళ్ళుందనగా బస్సు నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. నాగూర్ వలి గారు దిగి చూసి తల పట్టుకున్నారు. ముందురోజు చెయ్యి కాలి, దానికి ఇంత లావు కట్టు ఉంది. ఆ చెయ్యి గొట్టంలో దూరదు.

"దిగండి, తొయ్యండి!" అన్నారు.

"నేను కూడానా?" అన్నారు మునసబు గారు.

"మీరు దిగకపోతే మీ బరువు కూడా తొయ్యాలి గదయ్యా!"

మునసబు గారు తోశారు. తలపాగా జారి కళ్ళ మీద పడ్డా తోశారు. బస్సు కదల్లేదు. ఇంతలో మనవాడు కనిపించలేదు. చూస్తే, కాలేజీ కోసం కుట్టించిన తెల్ల చొక్కాతో బస్సు కింద ఉన్నాడు.

"ఒరేయ్, చొక్కా!" అని అరిచాను.

"అమ్మా, గొట్టం నిండా మసి పేరుకుంది. ఇక్కడ ఊపిరాడక చస్తంది పాపం" అన్నాడు కిందనుంచి, అదేదో జబ్బు చేసిన మేకపిల్ల అయినట్టు.

చింతబరికె ఒకటి విరిచి గొట్టంలో దూర్చాడు. నాగూర్ వలి గారు పైనుంచి చెప్పడం, వీడు కిందనుంచి చెయ్యడం. కాసేపటికి బస్సు తుమ్మి, లేచి నిలబడింది. మనవాడు బయటికి వస్తే కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ తెల్లగా లేవు.

"ఎవరి పిల్లోడమ్మా?" అన్నారు నాగూర్ వలి గారు.

"మావాడే."

"ఏం చదివిండు?"

"ఎస్సెల్సీ పాసయ్యాడు."

"అంత చదివినా బుర్ర ఇంకా పనిచేస్తందే!" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

స్టేషనుకు చేరి వీడు కొళాయి దగ్గర ఒళ్ళు కడుక్కునేసరికి రైలు వెళ్ళిపోయింది. ట్రంకు పెట్టె మీద కూర్చుని ఏడ్చాడు. "నాన్నకేం చెప్తావమ్మా?" అన్నాడు. "నేను రాస్తాలే" అన్నాను. ఆ రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఇంటికి వచ్చాక నాకు భయం పట్టుకుంది. కాలేజీ పోతే పోయింది, చేతికి మసి అంటని దారి ఇంకేదైనా చూద్దామనుకున్నాను, మీ కోరిక అదే కదా. మొదట పేటలో టైపు నేర్పే మాస్టారి దగ్గర చేర్పించాను. మూడో రోజు మాస్టారు కబురు పెట్టారు. వెళితే, మిషను బల్ల మీద ముక్కలు ముక్కలుగా ఉంది.

"ఏమ్మా, మీవాడు టైపు కొట్టటానికొచ్చిండా, దాన్ని కోసి చూట్టానికొచ్చిండా?" అన్నారు.

"ఒక అక్షరం ఇరుక్కుంటందమ్మా" అన్నాడు వీడు. సాయంత్రానికల్లా బిగించాడు. అక్షరం ఇరుక్కోవడం మానింది, మాస్టారు వీడినీ మానిపించారు. ఆ మాస్టారే ఇప్పుడు మిషను మొరాయిస్తే వీడికి కబురు పెడుతున్నారు.

తర్వాత కాంపౌండరు పని. ఆసుపత్రిలో ఒకాయన వీపు మీద సెగగడ్డ కోస్తుంటే దీపం పట్టుకోమన్నారట. దీపంతో సహా పడ్డాడు. రోగి లేచి వీడిని తన మంచం మీద పడుకోబెట్టాడు.

ఇక మన పాస్టరు అయ్యగారు, "టీచరు ట్రైనింగుకు పంపుదాం, ముందు ఒక పాఠం చెప్పించి చూద్దాం" అని నా తరగతికే తీసుకొచ్చారు. ఆవు మీద పాఠం. ఆవు నాలుగు కాళ్ళ దగ్గరే ఆగిపోయింది. తర్వాత గొలుసు చక్రాన్ని ఎలా తిప్పుతుందో చెప్పడం మొదలుపెట్టి, అయ్యగారి సైకిలు గొలుసు విప్పి పిల్లల చేతికిచ్చాడు. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. నా పాఠానికి గంట కొట్టకముందే లేస్తారు! గొలుసు మళ్ళీ ఎక్కించేలోపే అయ్యగారికి కోపం వచ్చి, దాన్ని రుమాలులో చుట్టుకుని సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే బస్సు మన ఇంటి ముందు ఆగింది. పాడై కాదు, ఆపితేనే ఆగింది. నాగూర్ వలి గారు దిగి గుమ్మం ముందు నిలబడ్డారు.

"అమ్మా, మీ పిల్లోడిని నా షెడ్డుకు పంపుతవా? నాకు పని తెలుసు, పుస్తకం తెల్వదు. వాడికి పుస్తకం తెలుసు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు అయితం."

ఆగస్టు ఒకటి నుంచి వెళుతున్నాడు. ఇంగ్లీషు మోటారు పుస్తకం ఒకటి ఉంది, ఇటుక రాయంత. వీడు చదివి తెలుగులో చెబుతాడు, ఆయన చేసి చూపిస్తారు. "ఇరవై ఏళ్ళుగా దీన్ని విప్పి బిగిస్తన్నా, దీనికి ఇంత పేరుందని ఇయ్యాలే తెలిసింది" అంటారట. పోయిన వారం బస్సు మళ్ళీ దారిలో ఆగింది. మునసబు గారు ఈసారి తోయడానికి దిగలేదు. కిటికీలోంచి, "ఐజాకయ్యా, కాస్త చూడయ్యా" అన్నారు. పుట్టినప్పటి నుంచి వీడిని ఆయన "ఒరేయ్" అనే పిలిచారు. నేను వెనక బొగ్గు పీపా పక్కనే కూర్చుని ఉన్నాను. సరిగ్గా విన్నాను.

ఇప్పుడు అసలు పని. మద్రాసులో సర్కారువారు మోటారు మెకానిక్కు ట్రైనింగు ఇస్తున్నారు. పది నెలలు. భోజనం, బస వాళ్ళదే. ఎస్సెల్సీ పాసయిన వాళ్ళకే ప్రవేశం. నాగూర్ వలి గారే కాగితం తెప్పించి, "నా దగ్గర ఉన్నదంతా నేర్చేసుకుండు, ఇంక ఉంచుకుంటే పాపం" అన్నారు. దాని ప్రవేశ పరీక్షలో వీడు మూడోవాడుగా వచ్చాడు. తండ్రి సంతకం కావాలి. కాగితం దీనితో జత చేశాను. మీ సంతకం నేను పెట్టగలను, మీకంటే గుండ్రంగా పెట్టగలను. పెట్టలేదు.

ఎందుకంటే, మీకు ఇంకొక మాట చెప్పాలి. అబ్బాయికీ తెలియదు, అత్తయ్యకూ తెలియదు.

ఆ రోజు రైలు తప్పలేదు. మేము వెళ్ళేసరికి ప్లాట్‌ఫారం మీదే ఉంది. ఇంకా పది నిమిషాలుంది. కొళాయి స్టేషను వెనక, వాడికి రైలు కనిపించదు. వాడిని పిలవడానికే వెళ్ళాను. మసి చేతులు గాలిలో తిప్పుతూ నాగూర్ వలి గారికి ఏదో చెబుతున్నాడు. మీకు తెలుసు కదా, హైస్కూలు నుంచి వచ్చిన ప్రతి సెలవుకూ వాడు నాతో "ఊఁ", "లేదు", "ఆకలి" తప్ప మాట్లాడేవాడు కాదు. ఆ రోజు ఆగకుండా మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను. రైలు కూత పెట్టింది. నేను నోరు తెరవలేదు. వాడు పరుగెత్తుకొచ్చేసరికి, "తప్పిపోయింది లేరా" అన్నాను. వాడు ఏడిస్తే తల నిమిరాను కూడా.

మీరు ఎన్నేళ్ళ నుంచి ఆ కాలేజీ గురించి కలగన్నారో నాకు తెలుసు. అందుకే సంతకం మీరే పెట్టాలి. పెట్టకపోతే వచ్చే జులైలో వాడిని నేనే తీసుకెళ్ళి గుంటూరులో చేర్పిస్తాను. ఈసారి రైలు తప్పనివ్వను.

ఉత్తరం పూర్తవుతోందని చూసి అత్తయ్య పక్కన కూర్చుంది. నా రాత చదవలేదు గానీ, తన మాటగా ఇది రాయమంటోంది. ఈల తప్ప అంతా ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ఒరేయ్ రత్నం, మీ అయ్య చెప్పులు కుట్టి నిన్ను బడికి పంపిండు. తోలు వాసనని నువ్వు అన్నం దగ్గర ఆయన పక్కన కూచునేటోడివి కాదు. ఆయనకి తెలుసురా. ఏమీ అనేటోడు కాదు, కంచం తీసుకుని గుమ్మం అవతలికి పోయేటోడు. నా మనవడు బొగ్గు వాసనొస్తండు. వాడిని నా పక్కనే కూచోబెట్టుకుని అన్నం పెడతన్నా. నువ్వొచ్చినాక నువ్వు ఏడ కూచుంటావో ఆలోచించుకో."

ఇట్లు,
ఎన్ని తిట్లకైనా సిద్ధంగా ఉన్న మీ భార్య,
కృపామణి