మా మీదుగా పోయిన మబ్బు

మునిచంద్రన్నకు,

ఫోన్ చేస్తే నా గొంతును బట్టే అంతా కనిపెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

చంద్రగిరిలో నీ చేను వరదకు కొట్టుకుపోయిందని విన్నాను. ఇక్కడ బంధువులంతా నిన్ను తలచుకుని అయ్యో అంటున్నారు. ఎండిన నా చేను చూసి ఒక్కరూ ఆ మాట అనలేదు. చివరికి నీకు దక్కిన ఆ జాలికి కూడా కుళ్లుకున్నాను.

మూడేళ్లుగా సముద్రం వైపు నుంచి వచ్చే మబ్బు రేణిగుంటలో నన్ను దాటిపోయి నీ మీద కురుస్తుంటే కడుపు మండేది. వాన పడిన ప్రతిసారీ ఫోన్ చేసి, "ఈడ నేల తడిసి విత్తేదానికి పదునైందప్పా, ఆడ ఎట్లుండాది?" అనేవాడివి. చినుకు లేకపోయినా "ఈడా అయిందన్నా" అనేవాడిని. ఈసారి ఆ అబద్ధం నిలబెట్టుకోవడానికి పొడి దుక్కిలోనే ఉలవలు చల్లాను. ఒక్కటీ మొలవలేదు.

నిన్న మా భవిత కాలేజీలో చదివింది చెప్పింది. "నాయనా, మనం బెల్లం పొయ్యిలో టైర్లు కాలుస్తాండామే, అట్లాంటి పొగలన్నీ మబ్బులో చేరితే చినుకులు మరీ సన్నమైపోతాయంట. ఈడ పడాల్సింది పడకుండా ముందుకు పోయి, ఒక్కసారిగా కుమ్మరించొచ్చంట."

నీ వానను చూసి ఏడ్చాను. దాన్ని నీ మీదికి తోలినవాళ్లలో నేనూ ఒకడినేమో. పొయ్యి ఆర్పేశాను.

వదినను తీసుకుని రా. మీ ఇంట్లో బురద ఆరేదాకా ఇక్కడే ఉండండి. దారిలో నా చేను ఎలాగూ కనబడుతుంది. అందుకే ముందే చెబుతున్నాను.

ఈడ పదును కాలేదన్నా. మూడేళ్లలో ఒక్కసారి కూడా.

నీ తమ్ముడు