మాస్టరు గారి మడతపడ్డ వేలు

డాక్టరు గారికి,

టైలరు నమస్కరించి రాసేది. ఉంగరం వేలు అరచేతిలోకి ముడుచుకుపోయి కత్తెర పట్టుకోలేకపోతున్నానని నిన్న మీ దగ్గరికొస్తే, మొదటి ప్రశ్నే "మందు తాగుతారా?" అని అడిగారు. వరండాలో నా కస్టమర్లు ముగ్గురున్నారు. సాయంత్రానికల్లా ఒకాయన కాలరు వంకరగా ఉందని చొక్కా తిరిగిచ్చేశాడు. ఇది నలభై ఏళ్లు కత్తెర పట్టినందుకొచ్చిన జబ్బని కాగితం మీద రాసివ్వండి.

ఇట్లు,
టీ తప్ప తాగని టైలరు

తా.క.: ఆ చొక్కా నేను కుట్టింది కాదు.

మాస్టరు గారికి నమస్కారం.

ఆ ప్రశ్న అందరినీ అడుగుతాను. మందు, సిగరెట్, షుగరు ఉంటే ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. కత్తెర తప్పేమీ లేదు. అరచేతి చర్మం కింద లైనింగు గుడ్డలా ఒక పొర ఉంటుంది. గాయాలు మాన్పే కణాలు గాయం లేకుండానే అక్కడ పనిలోకి దిగి, పీచు పేర్చి, ఆ పొరను దళసరి చేసి లాగుతాయి. వేలు వంగిపోతుంది. ఎక్కువగా వంశంలోంచే వస్తుంది. మీ నాన్నగారి చెయ్యి ఎలా ఉండేది?

మీ శ్రేయోభిలాషి,
చేతుల డాక్టరు

తా.క.: ఆపరేషన్ చేస్తే వేలు చాలావరకు చాపుకోవచ్చు.

డాక్టరు గారికి,

చిరగని చొక్కాకి నేను అతుకేస్తే ఎవరైనా ఊరుకుంటారా? మా నాన్న చెయ్యి చెక్కలా తిన్నగా ఉండేది. చెంపదెబ్బలు తిన్నవాణ్ణి, నాకు తెలుసు. ఆయన చెయ్యి తిన్నగా ఉండి, జబ్బు మాత్రం వంశానిదంటే, మా అమ్మనేమంటున్నట్టు? మీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. ఎనభై రెండేళ్ల మనిషి, చెప్పులేసుకుని బయటికెళ్లిపోయింది. ఆవిడకేమైనా అయితే పూచీ మీదే.

ఇట్లు,
మా నాన్న కొడుకు

తా.క.: కోత ఎంత పొడుగుంటుంది? ఊరికే అడుగుతున్నాను.

మాస్టరు గారికి,

కంగారుపడకండి. అమ్మగారు మా వరండాలోనే ఉన్నారు. రాగానే నా బల్ల మీద చెయ్యి పెట్టారు. రెండు వేళ్లు అరచేతికి అంటుకుపోయి ఉన్నాయి. "ఇరవై ఏళ్లుగా రుమాలు పట్టుకున్నట్టు నటిస్తున్నాను, ఇంట్లో ఒక్కళ్లూ అడగలేదు" అన్నారు. "వాడి ముక్కు నాన్నది, కోపం నాన్నది, కుట్టుపని నాన్నది అంటారు అందరూ. ఈ వేలొక్కటీ నాది. అలాగని రాసుకో" అన్నారు. రాసుకున్నాను.

మంగళవారం మీకు ఆపరేషన్. పొద్దున్న తొమ్మిదికి రండి.

ఇట్లు,
చేతుల డాక్టరు

తా.క.: తొమ్మిదికి కాదు, పదకొండుకు రండి. తొమ్మిదికి అమ్మగారు రాయించుకున్నారు. "నా తరవాత పుట్టినవాడు నా తరవాతే" అన్నారు.