వదిన తాలూకాకి మార్కులు

వదినకి నమస్కారాలు.

నేను క్షేమం అని రాయడం రివాజు గానీ, ఈసారి అది నిజం కాదు. మొన్నటి వరదలో మూడు రోజులు నాలుగో అంతస్తులో చిక్కుకుపోయాను. కరెంటు లేదు, లిఫ్టు లేదు, తాగడానికి మొక్కలకి పట్టిపెట్టిన బకెట్టు నీళ్లే గతి. మూడో రోజు పడవలో వచ్చినవాళ్లు "ఇంట్లో ఎంతమంది?" అనడిగితే, ఒక్కదాన్నే అని వేలెత్తి చూపించాను. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదు మరి.

వచ్చే నెల రిటైరవుతున్నాను కదా. ఎలాంటి ఆపదొచ్చినా ఎవరిమీదా ఆధారపడకుండా బతకగలిగే పల్లె చూసుకుని వెళ్లిపోదామని తీర్మానించుకున్నాను. నాలుగు తాలూకాలు అనుకున్నాను, అందులో మీదొకటి. అన్నయ్య పోయిన ఈ రెండేళ్లూ పిండిమర నువ్వే నడుపుతున్నావు, అక్కడ నీకు తెలియని ఇల్లుండదు. ఇరవై ప్రశ్నల ఫారం పంపుతున్నాను. ఒక్కోదానికి పదికి ఎన్నో మా ఆఫీసు పద్ధతిలో వేసి పంపు. ముప్పై ఏళ్లు బీమా కంపెనీలో ఇళ్లకీ గోడౌన్లకీ మార్కులు వేసినదాన్ని, మొహమాటానికి వేస్తే ఇట్టే పట్టేస్తాను.

నీ మరదలు

తా.క.: నీ పెళ్లైన కొత్తలో నా గొడుగు పోగొట్టింది నువ్వేనని ఇప్పటికీ నా నమ్మకం. ఆ పాత గొడవ ఫారం మీద చూపించకు.

*

మరదలికి వదిన ఆశీస్సులు.

మర ఆపి మరీ కూర్చుని నింపాను. కాగితం మీద పిండి వేలిముద్రలు పడ్డాయి, ఏమనుకోకు. నీళ్లు పది. రోడ్డు పది. వైద్యం పది. పాములు పది. ఇరుగుపొరుగు పది. ఇంత మంచి చోటు నువ్వు దుర్భిణీ పెట్టి వెతికినా దొరకదు. మర పక్క గది ఖాళీగానే ఉంది. మొన్న సున్నం వేయించాను. నీకోసమని కాదు, ఊరికే వేయించాను.

ఇరవయ్యో ప్రశ్న, "ఒంటరిగా ఉండటం" అన్నది, దానికి మాత్రం సున్నా వేశాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మీ వదిన

తా.క.: గొడుగు పోగొట్టింది మీ అన్నయ్య. దొంగలకి కూడా పదే వేశాను. ఊరికంతా ఒక్కడే ఉన్నాడు, వాడూ వారం వారం మన మరలోనే పిండి పట్టించుకుంటాడు.

*

వదినా,

నీ ఫారం చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. నీళ్లు పదా? పాములు పదా? ఇరుగుపొరుగు కూడానా? బాణాసంచా గోడౌనుకి కూడా నేనెప్పుడూ ఇన్ని పదులు వేసిన పాపాన పోలేదు. రెండేళ్లుగా ఆ నరకంలో ఉంటూ నాకు "అంతా బాగానే ఉంది" అని రాశావా? మరకి తాళం వేసి నా దగ్గరికి వచ్చెయ్యి.

కానీ నువ్వు రావులే. ఇరవయ్యో ప్రశ్నకి సున్నా చూశాను. ఒంటరిగా ఉండటం నీకంత హాయిగా ఉందన్నమాట. నిజం చెప్పాలంటే, ఆ పక్క గది అడుగుదామనే ఈ ఫారం గొడవంతా. ఇక అడగను. కొండవైపు తాలూకా చూసుకుంటాను.

నీ మరదలు

తా.క.: ఆ దొంగ పిండి పట్టించుకోవడానికి వచ్చినప్పుడు కాస్త దూరంగా నిలబడు.

*

మరదలికి. ఆశీస్సులు ఈసారి లేవు.

నా ఊరికి నేను పదులు వేసుకుంటే నీకెందుకమ్మా కడుపుమంట? రావడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు, అంతేగానీ ఊరిని నరకం అంటావా? మొహమాటానికి వేశాననుకుంటావని ఫారం నకలు బడి హెడ్మాస్టరుకి చూపించాను. ప్రతి పదీ న్యాయమేనని సంతకం చేసి బడి ముద్ర కొట్టాడు. ఇరుగుపొరుగుకి పదకొండు వేయమన్నాడు. పోస్టుమాస్టరూ, మా దొంగా సాక్షి సంతకాలు పెట్టారు. ఆ నకలు ఇందులోనే పెట్టాను.

సున్నా చూసి కూడా హాయిగా ఉన్నానంటే ఇంకెలా చెప్పాలి నీకు? కొండవైపే వెళ్లు. ఆ తెల్లగోడలు నేనే చూసుకుంటూ కూర్చుంటాను.

మీ వదిన

తా.క.: అన్నిటికంటే మా దొంగ సంతకమే బాగుంది చూడు. రకరకాలవి పెట్టి అలవాటు.

*

వదినా,

ముద్రతో, సాక్షులతో సహా వచ్చిన విపత్తు చూసి, నిన్ను తీసుకురావడానికి లారీ మాట్లాడబోయాను. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ ఫారం అటూ ఇటూ తిప్పి, "మీ వదినకి మన పద్ధతి చెప్పారా?" అంది. చెప్పలేదు. మా ఆఫీసులో మార్కులు వేసేది ప్రమాదానికి. పది అంటే మునిగిపోయినట్టు, సున్నా అంటే ఏ బెంగా లేనట్టు. ముప్పై ఏళ్లుగా అదే పని చేసి, లోకమంతా అలాగే మార్కులేస్తుందనుకున్నాను. తప్పు నాదే.

అయితే ఇరవయ్యో ప్రశ్నకి నువ్వు వేసిన సున్నా ఏమిటి?

నీ మరదలు

తా.క.: హెడ్మాస్టరుకి అప్పుడే చెప్పకు. సొంత ఊరిని అంత నమ్మకంగా ముంచిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

*

మరదలికి ఆశీస్సులు, కిందటిసారి ఇవ్వనివి కూడా కలిపి.

బడిలో సున్నా అంటే ఏమిటో అదే. ఒంటరిగా ఉండటంలో నేను ఫెయిల్. మర తిరిగినంతసేపూ ఆ చప్పుడులో పడి ఉంటాను. ఆపాక ఏం చెయ్యాలో తోచదు. మీ అన్నయ్య పిండి దులుపుకునే తువ్వాలు ఎవరూ వాడకపోయినా రోజూ ఉతికి ఆరేస్తున్నాను.

అది ఒక్కటే నిజం వేశాను. నువ్వు వస్తావన్న ఆశతో మిగతావన్నీ కోతలే కోశాను. ఇప్పుడు మీ పద్ధతిలోనే రాస్తున్నా, చూసుకో. నీళ్లు ఆరు, వేసవి చివర బావి అడుగంటుతుంది. రోడ్డు తొమ్మిది, వాగు పొంగితే వంతెన కనపడదు. వైద్యం ఎనిమిది, కాంపౌండరు వారానికోసారి వస్తాడు, ఆ రోజు అతనికే దగ్గు. పాములు నిజంగానే ఉన్నాయి. ఇరుగుపొరుగు సున్నా, మీ సున్నా.

కొండవైపే నయం, వెళ్లు. ఉత్తరాలు మాత్రం మానకు. నువ్వు రావాలని నాకు చాలా ఉంది. నోరు తెరిచి అడగడం చేతకాక పదులు వేశాను.

మీ వదిన

తా.క.: హెడ్మాస్టరుకి చెప్పేశాను. ఏ పద్ధతిలో చూసినా తన మార్కులు న్యాయమేనన్నాడు.

*

వదినా,

నిన్ననే రిటైరయ్యాను. కూర్చుని నాలుగు తాలూకాల మార్కులూ కలిపి చూశాను. మీది అన్నిటికంటే అడుగున ఉంది. కొండవైపుది మొదటి స్థానం. అక్కడైతే దారులన్నీ మూసుకుపోయినా, ఎవరి మొహమూ చూడకుండా ఆరు నెలలు బతకొచ్చు. అది నా చేత్తో నేనే రాసి, చదువుకుని ఏడ్చాను.

తర్వాత నా ఫ్లాటుకి కూడా ఫారం నింపాను. ఇన్నేళ్లలో ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు. వరద రోజులు తప్పిస్తే నీళ్లు రెండు, వైద్యం ఒకటి, పాములు సున్నా. ఇరవయ్యో ప్రశ్నకి పది. మా ఆఫీసు పద్ధతిలోనే వదినా.

గురువారం మొదటి బస్సుకి వస్తున్నాను. వంతెన మునిగి ఉంటే నీళ్లు తీసేదాకా ఇవతలి ఒడ్డునే కూర్చుంటాను. నువ్వు అవతలి ఒడ్డుకి వచ్చి కనపడు, చాలు.

నీ మరదలు

తా.క.: పక్క గది వద్దు, నీ గదిలోనే ఇంకో మంచం వేయించు. నా గురక తొమ్మిది. ఏ పద్ధతిలో తొమ్మిదో నువ్వే విని చెప్పాలి, ఇన్నాళ్లూ చెప్పడానికి ఎవరూ లేరు.